ఫిజిక్స్ వాళ్ళ రాణి

ఆ ఏడు అక్టోబరు మొదట్లో మా వంటింట్లో రెండు పెద్ద స్టీలు గిన్నెలు మాయమయ్యాయి. అవి అలాంటిలాంటి గిన్నెలు కావు. పాత విద్యార్థులంతా తిరిగొచ్చే కాలేజీ హోమ్‌కమింగ్ పండగకి నేను బంగాళాదుంప సలాడ్ కలిపే గిన్నెలు. మా ఊళ్ళో సలాడ్ ఎవరు కలిపారో తెలుసుకోకుండా ఎవరూ చెంచా ముట్టుకోరు. "అర్నెట్టా కలిపింది" అంటే మాత్రం మారు మాట లేకుండా పళ్ళెం చాపుతారు. అంత పేరున్నదాన్ని గిన్నెలు లేకుండా ఎలా కలుపుతాను? అల్మారాలన్నీ గాలించి, చివరికి మా ఆయన మీద పడ్డాను.

"క్లీవ్, నా గిన్నెలేవి?"

ఆయన పేపరు మీంచి తల ఎత్తలేదు. "నన్నడుగుతావేంటి? నీ కూతుర్నడుగు. మొన్న రెండూ సంకలో పెట్టుకుని పోతుంటే చూశాను."

"చూసి ఊరుకున్నావా?"

"గిన్నెల్తో పోతోంది, కుర్రాడితో కాదుగా అని ఊరుకున్నా."

క్లీవ్‌తో మాట్లాడితే ఇంతే. క్యాట్‌ఫిష్ చెరువులకి మేత తోలే లారీ నడుపుతాడు. రోజంతా చేపల మధ్య ఉంటాడు కాబట్టి మనుషులతో ఎక్కువ మాట్లాడడు. మాట్లాడితే ఇలాంటివే మాట్లాడతాడు.

మా ఇంటి ముందు గది నా బ్యూటీ షాపు. రోడ్డుకి అవతల బ్యూలా కాలేజీ గేటు. అలబామాలో ఈ మూల నల్లవాళ్ళ పిల్లల్ని ఇంకెవరూ చదువుకోనివ్వని రోజుల్లో కట్టిన కాలేజీ అది. దాని గంట కొడితే నా షాపులో అద్దాలు కదులుతాయి. హోమ్‌కమింగ్ వచ్చిందంటే ప్రతి హాస్టలుకీ ఒక రాణి, ప్రతి క్లబ్బుకీ ఒక రాణి, ప్రతి డిపార్ట్‌మెంటుకీ ఒక రాణి ఉంటారు. అందరూ భుజం మీద పట్టీ, నెత్తిన కిరీటంతో శకటాల మీద ఊరేగుతారు. వాళ్ళందరికీ పైన మిస్ బ్యూలా. షాపు పెట్టిన నాటి నుంచీ మిస్ బ్యూలా తల ఏ ఏడూ ఇంకొకరి చేతికి పోనివ్వలేదు. నేను పెట్టిన కిరీటం గాలివాన వచ్చినా కదలదని ఊరంతా చెప్పుకుంటారు. ఈసారి ఆ తల నా కూతురిదే కావాలని నాకెంతో ఆశగా ఉండేది. డెల్ఫిన్‌కి పొడుగుంది, నవ్వుంది, మా అమ్మ బుగ్గలున్నాయి. లేనిదల్లా ఆ కోరికే.

ఆ సాయంత్రం అది చేతులకి గ్రీజు పూసుకుని షాపులోకి వచ్చింది. నేను యూలా పెద్దమ్మని తల ఆరబెట్టే డ్రయ్యరు కింద కూర్చోబెట్టి, ఇంకొకావిడ తలకి వేడి దువ్వెన పెడుతున్నాను.

"అమ్మా, ఈ ఏడు నేను రాణిగా నిలబడుతున్నా."

నా చేతిలో దువ్వెన ఆగిపోయింది. అంత సంతోషం ఎప్పుడు కలిగిందో నాకే గుర్తులేదు. "ఇన్నాళ్ళకి బుద్ధొచ్చిందా తల్లీ. గౌను కుట్టించాలి, చెప్పులు కొనాలి..."

"మిస్ బ్యూలాకి కాదు. ఫిజిక్స్ డిపార్ట్‌మెంటుకి."

యూలా పెద్దమ్మ డ్రయ్యరు కింద నుంచి మెడ బయటికి పెట్టింది. చర్చిలో ముందు వరస ఆవిడది. ఊళ్ళో జరిగే ప్రతి మాటలోనూ ముందు వరసే.

"దానికి రాణి కూడా ఉంటుందిటే?"

"ఇప్పటిదాకా లేదు పెద్దమ్మా. అందుకే నేను."

"మరి పోటీ ఎవరు?"

"ఎవరూ లేరు. ఉన్నది ఆరుగురం. నలుగురు మగపిల్లలు. ఇంకో అమ్మాయికి సిగ్గు."

"అయితే గెలిచేశావన్నమాట" అని పెద్దమ్మ మళ్ళీ లోపలికి దూరింది.

అప్పుడు చెప్పింది డెల్ఫిన్ అసలు సంగతి. ఆరుగురు పిల్లల కోసం ఒక డిపార్ట్‌మెంటు నడపడం కుదరదని ట్రస్టీలు తేల్చేశారట. క్రిస్మస్ సెలవులిచ్చేలోపు కనీసం పన్నెండు మంది పేర్లు నమోదైతే సరే, లేకపోతే ఫిజిక్స్ మూసేస్తారు. ఉన్న పిల్లలు నర్సింగులోనో బయాలజీలోనో సర్దుకోవాలి, లేదంటే రాష్ట్ర యూనివర్సిటీకి పోవాలి.

నిజం చెప్పొద్దూ, నాకు లోపల హాయిగానే అనిపించింది. నర్సింగ్ చదివితే చదువు అయిన మర్నాడే ఉద్యోగం. ఫిజిక్స్ చదివితే ఏం వస్తుందో అది చేరిన రోజు నుంచీ అడుగుతూనే ఉన్నాను, అది చెప్పే జవాబు నాకు ఒక్కసారీ అర్థం కాలేదు.

"మూసేస్తే మూసేయనీవే. నర్సు తెల్ల బట్టలు నీకెంత బావుంటాయో తెలుసా?"

"నర్సింగుకి పోనమ్మా" అంది అది, గొంతు పెంచకుండానే. "ప్రూయిట్ మాస్టారికి నేను పొద్దున ఏమైనా తిన్నానో లేదో కూడా తెలుస్తుంది. లెక్క తప్పుచేస్తే బోర్డు దగ్గరికి పిలిచి, వచ్చేదాకా వదలరు. ఆ పెద్ద యూనివర్సిటీలో రెండొందల మందిలో నేను ఉన్నానో లేదో ఎవడు చూస్తాడు? నాకు ఇక్కడే చదువుకోవాలనుంది. ఫిజిక్సే చదవాలనుంది."

"మరి నా గిన్నెలు?"

"పండగరోజు చూపిస్తాగా" అని చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయింది.

పండగ దగ్గరపడేకొద్దీ దాని షరతులు మొదలయ్యాయి. తలకి నూనె చుక్క పడకూడదు. స్ప్రే కొట్టకూడదు. ముడి వేయకూడదు. ఊరేగింపులో పెద్దలు కూర్చునే వేదిక ముందు లారీ ఆగినప్పుడు, వాళ్ళు తయారుచేస్తున్న కరెంటు మిషను మీద చెయ్యి పెడుతుందట, జుట్టంతా దానంతటదే లేచి నిలబడుతుందట.

"ఎందుకు లేవడం?" అన్నాను. సాపు చేసే మందు పెట్టి, ఆరబెట్టి, వారం వారం నేను పడుకోబెట్టిన జుట్టది.

"లేచేదాన్ని చూడ్డానికి జనం ఆగుతారమ్మా. ఆగినవాళ్ళు ఎందుకు లేచిందని అడుగుతారు. అడిగినవాళ్ళని ల్యాబుకి తీసుకెళ్తాం."

నూనె వద్దంటే సరే అన్నాను. స్ప్రే వద్దంటే సరే అన్నాను. కిరీటం వద్దంటే మాత్రం నేను ఒప్పుకోలేదు. కిరీటం లేకుండా నా ఇంట్లోంచి రాణి బయటికి వెళ్తే రేపు నా షాపు గడప ఎవరు తొక్కుతారు? "వేదిక దాకా పెట్టుకుంటా. అక్కడ ఒక్క చేత్తో తీసేస్తా. ఊరికే నెత్తిమీద ఆనించు చాలు" అంది. ఆనించడమంటే ఏమిటో నా చేతులకి తెలియదు.

పండగ శనివారం పొద్దున్న సన్నగా జల్లు పడింది. జల్లు ఆగినా గాలంతా చెమ్మగా ఉంది. షాపు నిండా రాణులు. ఒకరి తల చుట్టలు చుట్టి, ఒకరి తల సగం విప్పి ఉంది. అటువంటి వేళ నా షాపులోకి మగాడు అడుగుపెట్టడం నేనెప్పుడూ చూడలేదు. తలుపు తీసుకుని ప్రూయిట్ మాస్టారు వచ్చారు. సన్నగా, పొడుగ్గా, మెడకి విల్లుముడి టై కట్టుకుని ఉంటారు. చూపు నేల మీంచి పైకెత్తకుండా నిలబడ్డారు.

"అర్నెట్టా గారూ, మీ డ్రయ్యర్లు ఓ గంటసేపు ఇప్పిస్తారా?"

"ఎవరి తలకండీ?"

"మిషనుకి. ఈ చెమ్మగాలికి దానిమీద ఏదీ నిలవడంలేదు. ఆరబెడితే తప్ప పని చెయ్యదు."

"అంటే దాని తల కూడా తడిసిందన్నమాట."

"అలాగే అనుకోండి" అన్నారాయన, నేలకేసే చూస్తూ.

యూలా పెద్దమ్మ డ్రయ్యరు కింద గట్టిగా సర్దుకుని కూర్చుంది. "నాది సగమే ఆరింది. మిషను తల సంగతి తర్వాత. నేను చర్చివాళ్ళ శకటం మీద పాడాలి."

ఇంతమంది ముందు ఈయన దొరికాడు కదా అని నేను అడగాల్సింది అడిగేశాను. "మాస్టారూ, మీరే చెప్పండి. ఈ ఫిజిక్స్ చదివితే ఏం ఉద్యోగం వస్తుంది?"

తడిసిన తన బూట్లకేసి చూసుకుని, "ఏమోనండీ. నాకైతే ఇది వచ్చింది" అన్నారు.

షాపంతా ఒక్కసారి ఘొల్లున నవ్వింది. నేనూ ఆపుకోలేకపోయాను. ఆయన గొప్పలు చెప్పి ఉంటే గుమ్మంలోంచే పంపేసేదాన్ని. చెప్పలేదు కాబట్టి మొదటిసారి ఆ మనిషి నాకు నచ్చారు. ఆ ఏటి మిస్ బ్యూలా తన డ్రయ్యరు కింద నుంచి లేచి, "నాది తీసుకోండి మాస్టారూ, నా తల ఆరింది" అంది. ఇంకొకటి నేనే ఇచ్చాను. క్లీవ్ రెండిటినీ చక్రాల మీద దొర్లించుకుంటూ పోయి, ఫిజిక్స్ వాళ్ళకి శకటంగా ఇచ్చిన తన లారీ మీదకి ఎక్కించాడు. చేపల చెరువుల దగ్గర వాడే జనరేటరు అప్పటికే దానిమీద ఉంది.

అందరూ వెళ్ళాక డెల్ఫిన్ తల నా చేతికొచ్చింది. మాటిచ్చినట్టే నూనె పెట్టలేదు. శుభ్రంగా తలంటి, ఆరబెట్టి, భుజాల మీదకి వదిలాను. తర్వాత కిరీటం. ముందు ఊరికే ఆనించాను. బాగానే ఉంది. అది అద్దం మీంచి చూపు తిప్పి, తనని తీసుకెళ్ళడానికి వచ్చిన ఫిజిక్స్ సిగ్గరి అమ్మాయితో ఏదో మాట్లాడుతోంది. ఈ తల మీద కిరీటం ఊరి మధ్యలో జారి పడితే అన్న ఆలోచన వచ్చేసరికి నా చేతులు నా మాట వినలేదు. ఇటో పిన్ను, అటో పిన్ను, వెనకాల జుట్టు మెలితిప్పి ఇంకో నాలుగు. బయటికి ఒక్కటీ కనపడదు. నా పనితనమే అది.

ఊరేగింపు మొదలైంది. బ్యాండు డప్పులు గుండెల్లో మోగుతున్నాయి. బ్యాండు నాయకుడు వెనక్కి వంగి టోపీ నేలకి తాకించి లేచాడు. రోడ్డు పొడుగునా చేపలు వేయించే పొగ. నేను పెద్దల వేదికకి ఎదురుగా నిలబడ్డాను. వేదిక మీద కాలేజీ ప్రెసిడెంటు, ట్రస్టీలు మడత కుర్చీల్లో కూర్చున్నారు. మిస్ బ్యూలా శకటం వెళ్ళింది. చర్చివాళ్ళది వెళ్ళింది. నర్సింగ్ పిల్లలు తెల్లబట్టల్లో చేతులూపుకుంటూ వెళ్ళారు. నాకు ఎప్పటిలాగే కన్ను కుట్టింది.

ఆ తర్వాత మా ఆయన లారీ వచ్చింది. దాని మీద నా గిన్నెలున్నాయి. ఒకదానిమీద ఒకటి బోర్లించి, అతికించి, పొడుగాటి ప్లాస్టిక్ గొట్టం మీద నిలబెట్టారు. కింద కుట్టుమిషను మోటారు, గొట్టం లోపల తిరిగే రబ్బరు బెల్టు. పక్కన మాస్టారు నా డ్రయ్యర్లు రెండిటినీ దానికేసి తిప్పి నిలబెట్టి, ఆఖరి నిమిషం దాకా ఆరబెడుతున్నారు. డెల్ఫిన్ ప్లాస్టిక్ పాల డబ్బా మీద నిలబడి ఉంది. పసుపు గౌను, భుజం మీద మిస్ ఫిజిక్స్ అని పట్టీ, నెత్తిన కిరీటం. ఎంత బావుందో నేను చెప్పకూడదు, దిష్టి తగులుతుంది.

లారీ ఆగింది. మోటారు గిర్రుమంది. అది గిన్నె మీద కుడిచెయ్యి పెట్టి ఎడంచేత్తో కిరీటం లాగింది. రాలేదు. మళ్ళీ లాగింది. దాంతోపాటు తలంతా పక్కకి ఒరిగింది గానీ కిరీటం కదల్లేదు.

"ఏం చేస్తోందా పిల్ల?" అన్నారు నా వెనక ఎవరో.

"ప్రమాణం చేస్తున్నట్టుంది."

"గిన్నె మీదా?"

అటూ ఇటూ నవ్వులు మొదలయ్యాయి. వేదిక మీద ఒక ట్రస్టీ గడియారం చూసుకున్నాడు. వెనక వస్తున్న శకటం హారను కొట్టింది. మాస్టారు వంగి మోటారు చూస్తున్నారు, పాపం లోపం దానిదే అనుకుని. డెల్ఫిన్ జనంలో నా కోసం వెతికింది. నన్ను చూసింది. నోరు తెరిచి పిలవలేదు గానీ, చిన్నప్పుడు బడి మొదటిరోజు గుమ్మంలోంచి వెనక్కి తిరిగి చూసినప్పటి ముఖం పెట్టింది. నా పిన్నులు అక్కడ ఉన్నాయని అప్పటికి తెలిసినదాన్ని ఈ లోకంలో నేనొక్కదాన్నే.

ఎత్తుమడమల చెప్పులు విప్పి పక్కవాళ్ళ చేతిలో పెట్టి లారీ ఎక్కాను. ఎక్కి దాని జుట్టులో చెయ్యి పెట్టాను. టప్‌మని నా వేలి కొస మీద నిప్పు ఎగిరింది. నేను వేసిన కేక వేదిక దాకా వినపడింది. ఊరంతా నవ్వింది.

"మోటారు ఆపకుండా ముట్టుకుంటావేంటమ్మా" అంది డెల్ఫిన్, నవ్వాలో ఏడవాలో తెలియని గొంతుతో.

"నువ్వాగు. తల వంచు."

మాస్టారు మోటారు ఆపారు. నేను పిన్నులు తీయడం మొదలుపెట్టాను. తీసినవన్నీ నోట్లో పెట్టుకున్నాను, రెండు చేతులూ కావాలిగా.

"ఎన్ని పెట్టావమ్మా?"

నోట్లో పిన్నులుండగా జవాబు ఎలా చెప్పను? కిరీటం ఊడింది. మెలితిప్పిన జుట్టు విప్పి, వేళ్ళతో చిక్కు తీసి, భుజాల మీదకి వదిలేశాను. ఊరు ఊరంతా చూస్తుండగా, హోమ్‌కమింగ్ రోజున, నేను సింగారించిన తలని నా చేతులతోనే చెరిపేశాను. కష్టంగానే అనిపించింది. కానీ నా కూతురి కళ్ళల్లో ఆ బెదురు చూడ్డం ఇంకా కష్టంగా ఉంది.

"దిగమ్మా. దిగి చూడు" అంది.

కిరీటం చేత్తో పట్టుకుని దిగాను. మోటారు మళ్ళీ తిరిగింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత చెవుల దగ్గర సన్న వెంట్రుకలు లేచాయి. వాటి వెనక మిగతావి కదిలాయి. పత్తికాయ పగిలి విచ్చుకున్నట్టు తలంతా మెల్లగా విచ్చుకుని, ప్రతి పోగూ దేనికదిగా నిలబడింది. దాని మధ్యలో డెల్ఫిన్ ముఖం. అది నవ్వుతోంది. దానికి పళ్ళు వచ్చిన రోజు నుంచీ ఆ నవ్వు చూస్తున్నాను, అంత నవ్వు మాత్రం ఎప్పుడూ చూడలేదు.

ఆ తర్వాత ఒక్కసారి గోల లేచింది. డప్పులవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వాయించేశారు. గడియారం చూసుకున్న ట్రస్టీ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. పిల్లలు తాళ్ళు దాటుకుని లారీ చుట్టూ మూగారు. "నాకూ లేపు, నాకూ లేపు" అని ఒకటే అరుపులు.

"ల్యాబు దగ్గరికి రండి, అందరివీ లేపుతా" అని డెల్ఫిన్ పైనుంచి అరుస్తోంది. "ప్రతి వెంట్రుక మీదా ఒకే రకం విద్యుత్తు చేరింది. ఒకే రకానివి ఒకదాన్నొకటి దగ్గరికి రానివ్వవు. అందుకే దూరం దూరం జరుగుతున్నాయి."

"మా అక్కా నేనూ అంతే" అంది కింద ఒక పిల్ల.

మధ్యాహ్నం ఫుట్‌బాల్ మ్యాచి మొదలయ్యాక కూడా ల్యాబు ముందు వరస తగ్గలేదు. యూలా పెద్దమ్మ చర్చి టోపీ తీసి నా చేతికిచ్చి, తానూ వరసలో నిలబడి చెయ్యి పెట్టి వచ్చింది. నెరిసిన జుట్టంతా నిక్కబొడుచుకుని ఉంది. ఆవిడ నా పక్కన మెట్ల మీద కూలబడి చేపముక్క విరుచుకుంటూ అంది: "ఇన్నేళ్ళూ మా జుట్టు పడుకోబెట్టి బతికావు అర్నెట్టా. నీ కూతురు ఒక్క పూటలో లేపి కూర్చోబెట్టింది."

ఆ రోజు తర్వాత ఉద్యోగం ఏం వస్తుందని డెల్ఫిన్‌ని అడగడం మానేశాను. మరిచిపోయి కాదు. లారీ మీద ఆ ముఖం చూశాక అడగడానికి నోరు రాలేదు. అది గిన్నెలు తిరిగివ్వలేదు, నేను అడగలేదు. క్లీవ్ ఊరవతల కొట్లో ప్లాస్టిక్ తొట్టి ఒకటి కొనుక్కొచ్చి, ఏమీ మాట్లాడకుండా వంటింట్లో పెట్టి పోయాడు.

ల్యాబుకి పిల్లలు రావడం మొదలుపెట్టారు. చూడ్డానికి వచ్చినవాళ్ళల్లో కొందరు ఉండిపోయారు. ఒక కుర్రాడు ట్రంపెట్ వాయించేవాడు, ఒకమ్మాయి అక్కౌంటింగ్ వదిలి వచ్చింది. ఒక్కో పేరూ చేరినప్పుడల్లా డెల్ఫిన్ గుమ్మంలోంచే అరిచి చెప్పేది. నవంబరు చివర థాంక్స్‌గివింగ్ పండగ నాటికి పదకొండు మంది అయ్యారు. అక్కడ ఆగిపోయింది. డిసెంబరు వచ్చింది, ఒక వారం పోయింది, పన్నెండో మనిషి దొరకలేదు. డెల్ఫిన్ అన్నం ముందు కూర్చుని ఆకుకూర కెలుకుతూ ఉండేది. రాష్ట్ర యూనివర్సిటీ కాగితాలు మాస్టారే తెప్పించి దానికి ఇచ్చారని విన్నాను. అది వాటిని బల్ల మీద బోర్లించి పెట్టింది.

సెలవుల ముందు చివరి శుక్రవారం. మధ్యాహ్నం గంట కొట్టాక, పేర్లు నమోదుచేసే రిజిస్ట్రారు ఆఫీసు మూసేస్తారు. ఇళ్ళకి పోయే పిల్లలతో నా షాపు కిటకిటలాడుతోంది. కుర్చీలో కెటూరా. మొదటి ఏడు పిల్ల, మొబైల్ అనే ఊరి నుంచి వచ్చింది. బ్యాండు ముందు కర్ర తిప్పుతుంది. చేరింది నర్సింగులో. హోమ్‌కమింగ్ మర్నాటి నుంచి సాయంత్రాలు మాత్రం ల్యాబులోనే. నేను దాని జుట్టు ఎడమవైపంతా వేడి దువ్వెనతో సాపు చేసి కుడివైపుకి వచ్చాను. డెల్ఫిన్ నేల ఊడుస్తోంది. అప్పటికే ఊడ్చిన చోటే మళ్ళీ ఊడుస్తోంది.

"ఏమే కెటూరా, నీకు మనసెక్కడుంది?" అన్నాను.

"ల్యాబులో ఆంటీ."

"మరి పేరు నర్సింగులో ఎందుకుంది?"

"అమ్మ ఒప్పుకోదు."

"అడిగావా?"

అడగలేదు. గోడకున్న ఫోను చూపించాను. దువ్వెన పక్కన పెట్టి ఆగాను. ఆ పిల్ల నెంబరు తిప్పి, గోడకేసి తిరిగి మాట్లాడింది. మాకు వినపడింది ఇటువైపే. "కాదమ్మా... తెలుసమ్మా... లేదమ్మా, ఎవరూ చెప్పలేదు, నాకే..." అంతే. ఆ తర్వాత వింటూనే ఉంది, కళ్ళు తుడుచుకుంటోంది. డెల్ఫిన్ చీపురు ఆపి తన చెప్పుల వైపు చూస్తోంది.

నేను వెళ్ళి ఫోను తీసుకున్నాను.

"అమ్మా, నేను అర్నెట్టాని. మీ అమ్మాయి తల దువ్వేదాన్ని."

"చెప్పండమ్మా" అంది అవతలి గొంతు. అలసిన గొంతు, మర్యాదైన గొంతు. "మీరేం అనుకోకండి. నేను ఆసుపత్రిలో నేల తుడుస్తాను. నా పిల్ల అదే నేల మీద తెల్లబూట్లేసుకుని నడవాలి, నేను చూడాలి. అంతే నా ఆశ. ఈ ఫిజిక్స్ చదివితే రేపు దానికి ఎవరు పని ఇస్తారు?"

ఆ ప్రశ్న నాకంటే బాగా ఎవరికి తెలుసు?

"నాకు తెలీదమ్మా" అన్నాను. "వాళ్ళ మాస్టార్నే నిలదీసి అడిగాను. ఆయనకీ తెలీదు."

ఆవిడకి నవ్వు ఆగలేదు. వెంటనే సర్దుకుంది. "నవ్వులాట కాదమ్మా ఇది. మీ పిల్లే అయితే పంపుతారా?"

నేను డెల్ఫిన్‌కేసి చూశాను. అది నాకేసి చూస్తోంది. చీపురు కర్ర రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.

"మా పిల్ల అందులోనే ఉందమ్మా" అన్నాను. "అక్కడే ఉండాలని నా కోరిక."

ఆ మాట నా నోట అది మొదటిసారి వినడం. చీపురు గోడకి ఆనించి అటు తిరిగి నిలబడింది.

"మీకు భయం వెయ్యదా?" అంది కెటూరా తల్లి.

"ఎందుకెయ్యదమ్మా. రోజూ వేస్తుంది. మన భయం మన దగ్గరే ఉంచుకుందాం, పిల్లల నెత్తినెందుకు."

"అక్కడ సరిగ్గా తింటోందా అది? ఫోన్లో అడిగితే తిన్నానంటుంది."

"ఆదివారం ఆదివారం మా ఇంటికి రమ్మంటాను. నా ముందు కూర్చోబెట్టి పెడతాను. ఆ పూచీ నాది."

"ఫోను దానికివ్వండి" అంది.

కెటూరా విన్నది. "ఊఁ" అంది. మళ్ళీ "ఊఁ" అంది. ఫోను గోడకి తగిలించి, మా ఇద్దరికేసి తిరిగి, "సరేనంది" అంది, తనకే నమ్మకం లేనట్టు.

డెల్ఫిన్ దాని చెయ్యి పట్టుకుని తలుపు తోసింది. అప్పటికే గంట కొట్టే వేళవుతోంది. ఇద్దరూ మెట్లు దిగి, కార్లు ఆపమని చేతులు చూపిస్తూ రోడ్డుకి అడ్డంపడి పరిగెత్తారు. కెటూరా మెడకి నా షాపు గుడ్డ ఇంకా కట్టే ఉంది. ఎడమవైపు జుట్టు సాపుగా భుజం మీద ఎగురుతోంది. కుడివైపు జుట్టు దువ్వెన ముట్టక, పుట్టినప్పుడు ఎలా ఉందో అలాగే గుబురుగా నిలబడి ఉంది. నా షాపు పెట్టిన నాటి నుంచీ సగం తలతో ఎవర్నీ గుమ్మం దాటనివ్వలేదు నేను. దువ్వెన చేత్తో పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాను గానీ వెనక్కి పిలవలేదు.

వాళ్ళు గేటు దాటి లోపలికి పోయారు.

"మిగతా సగం ఎప్పుడు చేస్తావే?" అంది యూలా పెద్దమ్మ డ్రయ్యరు కింద నుంచి.

"తొందరేముంది పెద్దమ్మా" అన్నాను. "ఇద్దరూ ఇక్కడే ఉంటారుగా."